నీ ఫోనులో మాట రావడం లేదు

ఉదయగిరి,
12 జూన్ 2025

భాయ్‌కి, అస్సలాము అలైకుమ్.

ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న ఆ ఒక్క మాటైనా అడగకుండా ఫోను పెట్టేశావు కాబట్టి ముందు అదే రాస్తున్నాను. నేను "భాయ్, ఒక సంగతి అడగాలి" అంటున్నాను. నువ్వేమో "నీ ఫోనులో మాట రావడం లేదు, ఏమన్నా ఉంటే ఉత్తరం రాయి" అని కట్ చేశావు. పోస్టాఫీసుకు పోయి కవరు అడిగితే అక్కడి అమ్మాయి "రిజిస్టరా, స్పీడు పోస్టా?" అంది. మామూలు ఉత్తరమే, మా అన్నకు అన్నాను. అన్న ఏ దేశంలో ఉన్నాడని అడిగింది. ఆత్మకూరులో అంటే నవ్వు ఆపుకోలేకపోయింది.

సంగతి కూడా ఫోను గురించే. పదేళ్ళ కిందట నువ్వు కొనిచ్చిన ఫోనే ఇప్పటికీ వాడుతున్నాను. అద్దం ఒక మూల పగిలింది, చార్జింగ్ మధ్యాహ్నానికి అయిపోతుంది, అయినా సర్దుకుపోతున్నాను. పోయిన వారం వాట్సాప్ ఆగిపోయింది. ఈ ఫోనులో ఇకమీదట రాదట. బస్టాండు దగ్గర రిపేరు చేసే నయీమ్‌కు చూపిస్తే "ఆపా, మనిషి బాగానే ఉన్నాడు గానీ రేషను కార్డులో పేరు తీసేసినారు, అట్టాంటిదే ఇది" అన్నాడు.

నా పని నీకు తెలుసు. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుకునేదానికి ఫోను ఎందుకని ఎవరైనా అడగొచ్చు. హైదరాబాదులో దుకాణం పెట్టిన శిల్పగారు మూడు వందల స్పూన్లు కావాలన్నారు. ఏ పిడి మీద ఏ నగిషీ కావాలో ఫొటోలు చూసి చెప్తారు. చేప పిడి, తీగ పిడి, చిలక పిడి, ఇన్నేళ్ళూ నేను చెక్కినవన్నీ ఈ ఫోనులోనే ఉన్నాయి. వస్తువులేమో అమ్ముడుపోయాయి, ఫొటోలే మిగిలాయి.

ఉన్నదాన్ని బాగుచేయించుకుని ఉంచుకోవాలా, పక్కన పడేయాలా? మా ఆయన జబీవుల్లాను అడిగితే "మీ అన్నను అడుగు, ఆయనే కదా కొనిచ్చింది" అంటాడు. నగ్మా భాబీకి సలాములు.

నీ చెల్లెలు
రజియా

---

ఆత్మకూరు,
17 జూన్ 2025

రజియాకు, వఅలైకుమ్ అస్సలామ్.

ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి చాలా ఏళ్ళయింది. బడిలో ఉన్నప్పటిలాగే 'ష' తప్పు రాస్తున్నావు.

ఫోను గురించి చెప్తాను, జాగ్రత్తగా విను. అంగట్లో తక్కువ ధరకు కొత్తవి దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. డబ్బా తళతళలాడుతుంది, ఆరు నెలలకు నత్తనడక నడుస్తుంది. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. కొత్త రంగు వేసిన పాత ఇంజన్లు ఎన్ని చూసుంటాను! అలాగని పదేళ్ళ ఫోనుకు ఖర్చు పెట్టుకుంటూ పోవడం కూడా తెలివి కాదు. మూడేళ్ళ కిందటి మంచి మోడలు, ఒక చేతిలోనే వాడింది దొరికితే కొత్తదానికంటే మేలు.

కానీ ముందు మైకు మార్పించు. నీ ఫోనులో అసలు లోపం అదే. వాట్సాప్ సంగతి తర్వాత. నువ్వు మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. మిగతా అందరి మాటా నాకు బాగానే వినిపిస్తుంది, నీ ఒక్కదానిదే రావడం లేదు. అంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించు.

నేను బాగున్నాను. వెంకటరమణయ్యగారి బస్సు నెల్లూరు నుంచి బద్వేలుకు, బద్వేలు నుంచి నెల్లూరుకు. అదే డ్యూటీ, తీరిక లేదు. ఉదయగిరికి రావాలని ఉంది గానీ సెలవు దొరకదు. మీ భాబీ టీవీ గురించి రోజూ గొడవ పెట్టుకుంటోంది. నేను పెట్టిన చానలు ఆమెకు నచ్చదు.

ఖలీలుల్లా

---

ఉదయగిరి,
24 జూన్ 2025

భాయ్, సలాం.

మైకు మార్పించాను. పాతది పీకి కొత్తది వేసిన నయీమ్, నా ఎదురుగానే వాళ్ళ అమ్మకు ఫోను చేశాడు. ఆమె ఇంట్లోంచి "ఏందిరా, అన్నానికి వస్తావా రావా?" అని అడగడం నేను విన్నాను. ఇతని మాట ఆమెకు, ఆమె మాట ఇతనికి చక్కగా వినపడ్డాయి. సంతోషంగా ఇంటికొచ్చి నీకు చేశాను.

ఏం జరిగిందో గుర్తుందా? జబీవుల్లాకు దవడ పన్ను పీకేశారు, ముఖమంతా వాచింది, రెండు రోజులుగా గంజి తాగుతున్నాడు అని చెప్పాను. నువ్వు "ముబారక్! ముబారక్! వీధిలో అందరికీ స్వీట్లు పంచు" అన్నావు. ఫోను స్పీకరులో పెట్టాను, ఆయన పక్కనే ఉన్నాడు. గుడ్డలో ఐసు చుట్టి దవడకు అదుముకుంటూ ఉన్న మనిషి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "మీ అన్నకు నేనంటే ఎప్పుడూ ఎగతాళే" అన్నాడు. మా పెళ్ళప్పటి మాటలన్నీ మళ్ళీ తవ్వాడు. ఆయనకు సర్దిచెప్పేసరికి నాకు పొద్దుపోయింది.

నిజంగా ఎగతాళి చేశావా? చేస్తే ఆ మాట రాయి. చేయకపోతే అదీ రాయి, ఆయనకు చూపిస్తాను.

బ్యాటరీ కూడా ఉబ్బిందని మార్పించాను. మైకు, బ్యాటరీ కొత్తవైనా నీ దగ్గర మాత్రం నా ఫోను మూగదే. నాకు విసుగొస్తోంది భాయ్. చెక్కపని చేసే చేతులతో గంటలు గంటలు ఆ రిపేరు కొట్టు ముందు కూర్చుంటున్నాను.

రజియా

---

ఆత్మకూరు,
30 జూన్ 2025

రజియాకు,

జబీవుల్లాకు ఈ ముక్క చూపించు. బావగా ఆయనంటే నాకు గౌరవమే. పన్ను సంగతి నాకు వినపడనే లేదు. ముబషిరా పరీక్ష పాసైందని చెప్తున్నావనుకున్నాను. మేనకోడలు పాసైతే ముబారక్ అనకుండా ఎలా ఉంటాను? తప్పు నాది కాదు, నీ ఫోనుది.

ఆ నయీమ్ నిన్ను మోసం చేస్తున్నాడు. ఉన్న మైకునే తుడిచి మళ్ళీ పెట్టుంటాడు. వాళ్ళ అమ్మకు వినపడిందంటావా, కొడుకు గొంతు తల్లికి ఎలాగైనా తెలుస్తుంది. ఇక అక్కడ ఒక్క రిపేరు కూడా చేయించొద్దు. ఫోను నాకు పంపు. ఇక్కడ బస్టాండు ఎదురుగా మణిదీప్ అని ఒకతను ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు, పని తెలిసినవాడు. చూపిస్తాను. బాగుంటే బాగుంది, లేకపోతే దాన్నిచ్చి దానిమీద మంచిది తీసుకుందాం.

నువ్వు అడిగావని చెప్తున్నాను. అడిగాక నా మాట వినాలి. మాటమాటకూ ఎదురు ప్రశ్న వేస్తే ఎలా?

ఖలీలుల్లా

---

ఉదయగిరి,
5 జూలై 2025

భాయ్, సలాం.

ఫోను, చార్జరు డబ్బాలో పెట్టి ఈ ఉత్తరంతో పాటు బస్సులో పంపుతున్నాను. ముందు చూపించు. తొందరపడి ఏమీ చేయొద్దు. అమ్మేయాలా ఉంచుకోవాలా అన్నది ముబషిరాను, శిల్పగారిని అడిగి రెండు రోజుల్లో చెప్తాను. పక్కింటి కామాక్షమ్మ ఫోను నుంచి చేస్తాను, ఆ నంబరు చూసి ఎత్తు.

నీ మాట వినడం లేదని రాశావు. వినకపోతే మైకు ఎందుకు మార్పిస్తాను? ఎదురు ప్రశ్నలు వేస్తున్నానని కోపం వద్దు. ఫోను లేకపోతే చెయ్యి విరిగినట్టు ఉంటుంది నాకు, అందుకే అడుగుతున్నాను.

రజియా

---

ఆత్మకూరు,
11 జూలై 2025

రజియాకు, సలాం.

నీ పని అయిపోయింది. మొన్న నువ్వు కామాక్షమ్మ ఫోను నుంచి చెప్పిన ప్రకారమే పాతది అమ్మేశాను. మణిదీప్ దాన్ని తీసుకుని మూడేళ్ళ కిందటి ఫోనొకటి ఇచ్చాడు. ఒక బ్యాంకు ఉద్యోగి వాడింది, గీత కూడా లేదు. బ్యాటరీ రాత్రిదాకా నిలుస్తుంది, వాట్సాప్ ఇంకా చాలా ఏళ్ళు వస్తుందట. నేనే నాలుగు ఫోన్లు పక్కపక్కన పెట్టించి ఎంచాను. మీద పడిన తేడా నా కానుక అనుకో, దాని మాట ఎత్తొద్దు. ఈ ఉత్తరంతో పాటు బస్సులో పంపుతున్నాను.

ఇక మనకు ఈ ఉత్తరాల బాధ ఉండదు. సిమ్ వేసి నాకు ఫోను చెయ్యి.

ఆ కామాక్షమ్మకు కూడా చెప్పు, ఆమె ఫోనూ బొంగురుగానే ఉంది. ఆమెదీ పాతదే అయ్యుంటుంది.

ఖలీలుల్లా

---

ఉదయగిరి,
14 జూలై 2025

భాయ్,

నేను అమ్మొద్దు అన్నాను.

అమ్మొద్దు. మూడుసార్లు చెప్పాను. శిల్పగారు ఆ ఫొటోలన్నీ కావాలన్నారు భాయ్, నేను వచ్చి వాటిని తీసుకునేదాకా ఫోను అమ్మొద్దు అని కామాక్షమ్మ వసారాలో నిలబడి గొంతు చించుకున్నాను. కామాక్షమ్మ సాక్షి. వీధిలో పోయేవాళ్ళు కూడా సాక్షులే. నువ్వు "ఆఁ, సరే, అట్టే చేస్తా" అన్నావు. నువ్వు ఒప్పుకున్నావనుకుని ఇంటికొచ్చి ఉలి పట్టుకున్నాను.

ఎలా అమ్మావు? ఫొటోలు తీసి పెట్టమని అతనికి ఒక్క మాట చెప్పావా? పదేళ్ళ పని అందులో ఉంది. గొలుసు పిడి నేను ఒక్కసారే చెక్కాను, అది చెన్నైకి పోయింది. మళ్ళీ ఎక్కడ చూసి చెక్కాలి?

కామాక్షమ్మ ఫోను పాతదని రాశావు. మే నెలలో కొన్నది. డబ్బా మీద ప్లాస్టిక్ కూడా ఇంకా తీయలేదు. కడపలో ఉన్న ఆమె కొడుకు రోజూ ఆ ఫోనులోనే గంటసేపు మాట్లాడతాడు. ఒక్కనాడూ బొంగురు అనలేదు.

నువ్వు పంపిన ఫోను అందింది. బాగుంది. కాదనను. సిమ్ వేసి ముందుగా నీకే చేశాను. "హలో, హలో, ఇంకా అదే గొరగొర" అని పెట్టేశావు. పాత మైకు, కొత్త మైకు, కామాక్షమ్మ ఫోను, బ్యాంకు ఉద్యోగి ఫోను, నాలుగింటిలోనూ నా మాట ఒక్కటే గొరగొరమంటుందా? నా మీద కోపముంటే ముఖం మీద చెప్పు. నాతో మాట్లాడటం ఇష్టం లేక ఇన్నాళ్ళుగా ఫోను మీద నెపం పెడుతున్నావని జబీవుల్లా అంటున్నాడు. కాదని ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు.

గురువారం నేనే ఆత్మకూరు వస్తున్నాను.

రజియా

---

ఆత్మకూరు,
16 జూలై 2025

రజియాకు,

రావొద్దు. నేను ఊళ్ళో ఉండను, డ్యూటీ. వచ్చినా ఉపయోగం లేదు, మణిదీప్ ఆ ఫోను తుడిచేశానని చెప్పాడు.

నువ్వు అమ్ము అనే అన్నావు. నా చెవులతో నేను విన్నాను. ఇప్పుడు మాట మార్చి నాలుగు చెక్క ముక్కల ఫొటోల కోసం అన్నను దొంగను చేస్తున్నావు. నా చేతి నుంచి ఫోను తీసుకున్నదానివి ఒక మంచి మాట రాయలేకపోయావు. నీకు మేలు చేయడం నాదే బుద్ధితక్కువ. ఇకమీదట నీ ఫోను గురించి నన్నేమీ అడగొద్దు.

ఖలీలుల్లా

---

ఉదయగిరి,
21 జూలై 2025

భాయ్,

నీ ఉత్తరం శనివారం అందింది. అప్పటికే నేను ఆత్మకూరు వచ్చి వెళ్ళి రెండు రోజులైంది.

గురువారం పొద్దున నెల్లూరు బస్సెక్కి మీ ఊళ్ళో దిగాను. మొదట మణిదీప్ అంగడికి పోయాను. ఫోను ఇంకా అమ్ముడుపోలేదు, సొరుగులో ఉంది. ఆన్ చేసి చూపించాడు. అప్పుడే పుట్టినట్టు ఖాళీగా ఉంది. ఎందుకు తుడిచావయ్యా అని అరిచాను. అతను నొచ్చుకున్నాడు. "రెండుసార్లు అడిగినానక్కా, ఫొటోలు తీసిపెట్టుకున్నారా అని. ఆయన రెండుసార్లూ 'ఆఁ, ఎక్స్‌చేంజే, ఎక్స్‌చేంజే' అన్నాడు. పెద్దాయన, ఇంకెట్టా అడిగేది?" అన్నాడు. డబ్బులేమీ అడక్కుండా ఫోను నా చేతికిచ్చేశాడు.

అక్కడే నాకు అనుమానం తగిలింది. మణిదీప్ ఫోనులో అడగలేదు కదా, నీ ఎదురుగా నిలబడి అడిగాడు.

నీ బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని బస్టాండులోకి పోయాను. అక్కడ కూరగాయల మూటలు దించుతున్న మనిషిని ఎక్కడో చూసినట్టనిపించింది. మునెయ్య. నీ బస్సు కండక్టరు. మన ముబషిరాను కాలేజీలో చేర్చినప్పుడు పెట్టె మోసి ఎక్కించాడే, ఆ మునెయ్య. మూటలు ఎందుకు మోస్తున్నావని అడిగాను. నన్ను గుర్తుపట్టి, భుజం మీది గోతం కింద పెట్టాడు.

"మీకు తెల్దా అమ్మా? జనవరిలో నన్ను బస్సు దించేసినారు. మర్రిపాడులో ముసలామె పడింది గదా. ఆపమని విజిల్ కొట్టలేదని మీ అన్న చెప్పినాడు."

"కొట్టలేదా?"

"కొట్టినాను. హోల్డాన్ హోల్డాన్ అని గొంతు పగిలేటట్టు అరిచినాను. మీ అన్న తిరిగి కూడా చూడలా. ఇరవై ఆరేండ్లు నడిపినోడు చెప్తే యజమాని నమ్మకుండా ఎట్టుంటాడు? ఆ మర్నాటి నుంచి నాకు పని లేదు."

"మరి మా అన్న?"

"ఆయన కూడా నెల తిరక్కముందే మోకాళ్ళ నొప్పులని బండి దిగేసినాడు. అదో, ఆ పార్సిల్ ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుంటుండాడు. ఈపూట ఇంటికాడే ఉండాడు, పోయి కలుసుకో."

నువ్వు రోజూ నెల్లూరు, బద్వేలు తిరుగుతున్నావని నేను మా వీధిలో గొప్పగా చెప్పుకుంటున్నాను.

మీ ఇంటికొచ్చాను భాయ్. వాకిలి తలుపు తీసే ఉంది. నువ్వు పెరట్లో వీపు ఇటు పెట్టి సైకిలు చక్రానికి గాలి కొడుతున్నావు. పెరటి గుమ్మంలో నిలబడి "భాయ్" అన్నాను. నువ్వు తిరగలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. గుంజకు కట్టిన మేక తలెత్తి నన్ను చూసింది. మూడోసారి పిలిస్తే వంటింట్లోంచి భాబీ పరుగెత్తుకొచ్చింది. నువ్వు మాత్రం గాలి కొడుతూనే ఉన్నావు. మన మధ్య పది అడుగులు కూడా లేవు.

భాబీ నిన్ను తట్టబోతే వద్దని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయాను. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను. "మూడేళ్ళుగా తగ్గుతా ఉండాది. ఈ ఏడు మరీ. డాక్టరు దగ్గరికి పోదామంటే ప్లేటు విసిరికొడతాడు" అని ఏడ్చింది. మునెయ్య సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి.

నీ ముందుకు రాకుండానే వెళ్ళిపోయాను. వస్తే నువ్వు నవ్వి, టీ పెట్టమంటావు, నేను అన్నీ మింగేసుకుని వచ్చేస్తాను. కాగితం మీదైతే నువ్వు వినపడలేదని అనలేవు.

నా ఫొటోలు పోయాయి. దానికి నాకు కోపం ఉంది, ఉంటుంది కూడా. కానీ నీకు వినపడనందుకు నా మైకు మార్పించావు, నయీమ్‌ను దొంగను చేశావు, నన్ను మాట మార్చేదాన్ని చేశావు. ఇవన్నీ ఒక ఎత్తు. మునెయ్య మూటలు మోయడం ఒక ఎత్తు. ఏం చేస్తావో నువ్వే ఆలోచించు.

రజియా

---

ఆత్మకూరు,
30 జూలై 2025

రజియాకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. చదివిన ప్రతిసారీ నీ మీదే కోపం వచ్చింది. ఇంటిదాకా వచ్చి ముఖం చూపకుండా పోతుందా అనుకున్నాను. ఐదో రోజు కోపం రాలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జనవరి ఇరవై మూడు. మర్రిపాడులో జనం దిగారు. అద్దంలో చూశాను, అందరూ దిగారనిపించింది, బండి కదిలించాను. ఆదిలక్ష్మమ్మ అనే ముసలామెకు ఒక కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. ముందు సీటాయన నా భుజం మీద గుద్దితే గానీ బ్రేకు వేయలేదు. దిగి చూస్తే ఆమె రోడ్డు మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉంది. చుట్టూ అందరి నోళ్ళూ కదులుతున్నాయి. ఏమంటున్నారో నాకు తెలియలేదు. భయంతో అలా ఉందనుకున్నాను.

సాయంత్రం వెంకటరమణయ్యగారు ఇద్దరినీ నిలబెట్టి "విజిల్ పడిందా లేదా?" అని అడిగారు. పడలేదన్నాను. ఆ క్షణంలో నేను అబద్ధం చెప్పలేదు రజియా. నాకు వినపడలేదు కాబట్టి పడలేదనే నమ్మాను. ఇరవై ఆరేళ్ళు ఆ విజిల్ మీదే బతికాను, పడితే నాకు వినపడకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

వారం తర్వాత ఒకరోజు వంటింటి గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్నాను. మీ భాబీ బయట నుంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. కుక్కరు ఎన్నో విజిళ్ళు వేసిందట, పప్పు మాడి ఇల్లంతా పొగ. నేను దాని పక్కనే ఉన్నాను. ఆ పొగలో కూర్చుని మునెయ్య విజిల్ కొట్టే ఉంటాడని తెలుసుకున్నాను. ఇక ఆ రోజు నుంచి చెప్పకుండా ఉన్న ప్రతిరోజూ అబద్ధమే.

బండి దాకా పోయి ఎక్కకుండా వెనక్కి వచ్చేశాను. మోకాళ్ళ నొప్పులన్నాను. యజమాని జాలిపడి పార్సిల్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి రోజూ మునెయ్య మూటలు మోయడం చూస్తూనే ఉన్నాను. తల తిప్పుకునేవాణ్ణి. నువ్వు ఫోను చేసినప్పుడల్లా నీది పాత ఫోను కదా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. నీ ఫోను మారితే నా చెవి బాగుంటుందని ఎక్కడో ఆశ. నాలుగు ఫోన్లు పక్కపక్కన పెట్టించి ఎంచానని రాశాను కదా. ఫొటోలు, బ్యాటరీ చూసి కాదు, ఏది గట్టిగా మోగుతుందో చూసి ఎంచాను.

నువ్వు అమ్మొద్దు అన్నావేమో. నాకు అమ్ము వరకే వినపడింది. తర్వాతిది వినపడలేదని అప్పుడే నాకు తెలుసు, మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డాను. అందుకే సరే అన్నాను.

సోమవారం వెంకటరమణయ్యగారి దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. ఆయన ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. అలవాటు ప్రకారం "ఆఁ, సరే" అనబోయి ఆగాను. "సార్, నాకు చెవులు వినపడవు. గట్టిగా చెప్పండి" అన్నాను. ఆ మాట నా నోటితో ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆయన లేచి నా దగ్గరికొచ్చి చెవి దగ్గర అరిచారు. "ఆర్నెల్లు నా ఎదురుగానే కూర్చోని ఉండావే ఖలీలూ! ఆ మనిషి రోజూ నీ ముందరే గదా మూటలు మోసింది!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు. విననీ అనుకున్నాను.

అక్కడి నుంచి మర్రిపాడు పోయాను. ఆదిలక్ష్మమ్మకు చెయ్యి అతికింది గానీ బిందె ఎత్తలేకపోతోంది. నీ తప్పు కాదులే నాయనా అంటుందేమో అనుకున్నాను. అనలేదు. తర్వాత మునెయ్య ఇంటికి. లోపలికి రమ్మనలేదు. వాకిట్లోనే నిలబెట్టి చాలాసేపు మాట్లాడాడు. నాకు సగమే వినపడింది. ఆ సగం చాలు.

ఇంటికొచ్చి మీ భాబీకి చెప్పాను. ఆమె ఇంతవరకు నాతో మాట్లాడలేదు. మాట్లాడుతోందేమో కూడా నాకు తెలియదు, ఎదురుగా రావడం లేదు.

మీ నయీమ్‌కు నా సలాములు చెప్పు.

ఖలీలుల్లా

---

ఉదయగిరి,
11 ఆగస్టు 2025

భాయ్‌కి, అస్సలాము అలైకుమ్.

భాబీ మాట్లాడుతోంది. నాతో రోజూ మాట్లాడుతోంది, నువ్వు పంపిన ఫోనులోనే. వెంకటరమణయ్యగారు తానే మునెయ్య ఇంటికి పోయి పిలుచుకొచ్చారని, మునెయ్య మళ్ళీ బస్సెక్కాడని ఆమే చెప్పింది. నువ్వు రెండు ముద్దలు కూడా సరిగా తినడం లేదని కూడా చెప్పింది. తిను. తినకపోవడం వల్ల ఆదిలక్ష్మమ్మ బిందె ఎవరూ ఎత్తరు. ఆమె ఇంటికి కొళాయి పైపు వేయించడానికి ఏమవుతుందో కనుక్కో, అది పని.

శిల్పగారికి ఫొటోలు పోయాయని నిజం చెప్పాను. ఆవిడ మూడు వందలు కాస్తా నూట యాభై చేశారు. గుర్తున్నవి గుర్తున్నట్టు చెక్కుతున్నాను. చేప, తీగ వచ్చాయి. చిలక ముక్కు మూడుసార్లు విరిగింది, నాలుగోసారి నిలిచింది. గొలుసు పిడి రావడం లేదు. రింగు లోపల రింగు తిరగాలి, నా చేతికి ఆ లెక్క అందడం లేదు. ఆ పిడి గుర్తొచ్చినప్పుడల్లా నీ మీద కోపం వస్తోంది. ఇది రాయకపోతే నేను కూడా దాచినదాన్నవుతాను, అందుకే రాస్తున్నాను.

పాత ఫోను నయీమ్‌కు ఇచ్చేశాను. నీ సలాము కూడా చెప్పాను. దాని మైకు, బ్యాటరీ తీసి ఇంకెవరికో వేస్తాడట. దానిలో ఏ లోపమూ లేదు, అయినా దానితో ఇక నాకు పని లేదు. నువ్వు పంపినది మంచి ఫోను. ఫోన్ల విషయంలో నువ్వు చెప్పిందే నిజమైంది. గట్టిగా మోగడం కూడా నిజమే, కామాక్షమ్మ వాళ్ళ ఇంటికి కూడా వినపడుతోంది.

ఇప్పుడు అసలు మాట. నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గర నీ పేరు ముబషిరా రాయించింది, ఈ నెల 22, శుక్రవారం. చెవిలో పెట్టుకునే మిషన్ అందరికీ ఒకేలా పనిచేయదట. నీకు ఎంత వినపడుతుందో పెట్టుకున్నాకే తెలుస్తుందట. పూర్తిగా రాకపోవచ్చు. అది ముందే తెలుసుకుని రా, అక్కడ కోప్పడొద్దు. ఏ ప్లేటూ విసరొద్దు.

నేను పొద్దున్నే బయల్దేరి ఎనిమిదిన్నరకు ఆత్మకూరులో దిగుతాను. అక్కడి నుంచి వెంకటరమణయ్యగారి బస్సులోనే పోదాం. వేరే బస్సు ఉందని, అది ముందు వస్తుందని చెప్పొద్దు. ముందు సీట్లో నువ్వు కిటికీ పక్కన కాదు, దారి పక్కన కూర్చోవాలి. మునెయ్య టిక్కెట్టుకు వచ్చినప్పుడు తల తిప్పుకోకు. మనిషి ముఖం చూడు. పెదాలు చూస్తే నీకు మాట తెలుస్తుందని భాబీ చెప్పింది. తెలియకపోతే మళ్ళీ అడుగు. ఆయన విసుక్కున్నా మళ్ళీ అడుగు.

రజియా